ఎప్పుడంటే అప్పుడు ఆగే మిషన్

రేణుకమ్మ ఇరవై రెండేళ్ళుగా గడ్డి కోస్తోంది. మొదటి పన్నెండేళ్ళు బర్రెలు తినే గడ్డి కోసింది. తరువాతి పదేళ్ళు ఎవరూ తినని గడ్డి కోసింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చేలు ప్లాట్లయి, ప్లాట్ల నడుమ పార్కులు, కాలేజీల ముందు పచ్చికలు వెలిసిన కొద్దీ రెండో రకం గడ్డికే గిరాకీ హెచ్చింది. తేడా ఒక్కటే: బర్రె కోతకు వంక పెట్టదు, కాలేజీవాళ్ళు పెడతారు.

2018 జూలైలో ఆ వంక పెట్టే అధికారం మహిధర్ అనే కొత్త పరిపాలనాధికారి చేతికి వచ్చింది. సాగర్ రోడ్డు మీది ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఆరెకరాల పచ్చిక ఉంది: నడుమ క్రికెట్ మైదానం, చుట్టూ లాన్. రేణుకమ్మ, ఆమెతో కలిసి పనిచేసే మరో ఐదుగురు ఆడవాళ్ళు నాలుగేళ్ళుగా రెండు తోపుడు మిషన్లతో దాన్ని కోస్తున్నారు. వానాకాలంలో ఒక కొస నుంచి రెండో కొసకు చేరేసరికి మొదటి కొసన గడ్డి మళ్ళీ మడమల దాకా లేచేది.

మహిధర్ ఆమెను ఆఫీసుకు పిలిచి, కుర్చీ చూపించి, కోపం లేకుండానే విషయం చెప్పాడు. ఈ ఏడు టోర్నమెంటు ఇక్కడే. వారానికి రెండు కోతలు పడాలి. నగరంలోని ఒక ఏజెన్సీ, మనిషి పైన కూర్చుని నడిపే మిషన్ తెస్తానంటోంది.

"ఆగస్టు ఒకటో తారీఖున మీరూ అలాంటిది తెచ్చి, కోసి చూపించండి. పని మీకే ఉంటుంది. లేదంటే వాళ్ళకి ఇవ్వక తప్పదు, రేణుకమ్మా."

"కొత్తది ఎంతుంటది సార్?"

"మూడున్నర లక్షలు."

ఆరుగురి దగ్గర కలిపి ఎనభై వేలు ఉన్నాయి. అది పొదుపు సంఘం నుంచి తీసుకున్న సొమ్ము. ఒకసారి తప్పు మిషన్ మీద పెడితే రెండోసారి పెట్టడానికి లేదు. కాబట్టి రేణుకమ్మ ముందున్న సమస్యను కచ్చితంగా ఇలా చెప్పవచ్చు: పదహారు రోజుల్లో, ఎనభై వేల లోపు, ఎవరో వాడి వదిలేసిన యంత్రాల్లో చెడిపోనిదాన్ని పోల్చుకోవాలి. ఆమె ఎన్నడూ అలాంటి యంత్రం ఎక్కలేదు.

ఇంట్లో ఈ సంగతి విని అందరికన్నా ఎక్కువ ఉత్సాహపడినవాడు ఆమె తండ్రి మల్లేశయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక కంట శుక్లం. వయసులో ఉన్నప్పుడు చుట్టు ఇరవై ఊళ్ళలో ఎవరు ఎడ్లు కొన్నా అంగడికి ఆయనను వెంటబెట్టుకుని పోయేవారు. ఎడ్ల ఎంపికలో ఆయన నియమాలు రెండు రకాలు. కొన్ని నలభై ఏళ్ళ పరిశీలన వల్ల తేలినవి. కొన్ని వీపు మీద సుడి ఎటు తిరిగితే ఇంటికి ఏ కీడు వస్తుందో చెప్పేవి. ఏది ఏ రకమో ఆయనకు తెలియదు. రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే నమ్మకంతో చెప్పేవాడు.

"రేపు వస్తున్నమని మన్నెగూడల పాత మిషిన్లమ్మే దుకాణమాయనకు ఫోన్ చేసిన బాపూ," అంది రేణుకమ్మ శనివారం సాయంత్రం.

"ఎందుకు చేసినవ్?"

"పోయినంక దుకాణం బందుంటే?"

"కొననీకె వస్తున్నమని ఎద్దులాయనకు ముందుగాల ఎవలన్న చెప్తరా? కడుగుతడు, కొమ్ములకు నూనె రాస్తడు, కడుపునిండ ఉలవలు పెడ్తడు. అప్పుడు ముసలెద్దు గూడ దుంకుతది."

రేణుకమ్మ కూతురు స్వప్న నవ్వింది. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో కొలతలు సరిచూడటం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆదివారం ఒక్కటే సెలవు. "తాతా, గది ఎద్దు కాదు. మిషిను."

"అమ్మెటోడు మనిషేగద," అన్నాడు మల్లేశయ్య.

మరునాడు ముగ్గురూ ఆటోలో మన్నెగూడ వెళ్ళారు. రోడ్డు పక్క రేకుల షెడ్డు. దాని ముందు వరుసగా జనరేటర్లు, కాంక్రీటు కలిపే డ్రమ్ములు, పంపులు. యజమాని రాజశేఖర్ ముప్పై ఐదేళ్ళవాడు, మాటకారి. అందరికన్నా ముందు వరుసలో ఆకుపచ్చ రంగు మిషన్ ఒకటి కొత్తగా రంగు పూసుకుని మెరుస్తోంది. స్టీరింగుకు బంతిపూల దండ, చక్రాల దగ్గర నిమ్మకాయలు.

"లక్ష చెప్తున్న అందరికి. మీకైతే ఎనభై. సూడక్కా," అని రాజశేఖర్ తాళం తిప్పాడు. ఇంజిను ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా అందుకుంది.

స్వప్నకు నచ్చింది. రేణుకమ్మకూ నచ్చింది. మల్లేశయ్య మాత్రం ఆపమన్నాడు. తాళం తీసిన తరువాత ఇంజిను దగ్గరగా అరచెయ్యి పెట్టి చూశాడు.

"కాక మీదున్నది."

"ఇప్పుడేగద నడిపిన తాతా."

"ఒక్క నిమిషం నడిస్తె ఇంత కాగదు. మేము వచ్చేకన్న ముందుగాల దీన్ని మస్తుసేపు నడిపినవ్."

"ఎండకు కాగింది."

"యాడున్నది ఎండ?"

ఆకాశం పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. రాజశేఖర్ పైకి చూసి, మాట మార్చి చాయ్ తెప్పించాడు. తండ్రి ముఖం చూసిన రేణుకమ్మకు విషయం అర్థమైంది. ఎద్దును పొద్దున్నే మేపి కడిగాక కాదు, దుక్కి దున్ని వచ్చి పడుకున్నాక చూడాలని ఆయన అనేవాడు. ఎలా లేస్తుందో చూస్తే దాని వయసు తెలుస్తుందని. ఈ నియమం మొదటి రకానిది. యంత్రానికి పడక అంటే చల్లారడమే.

"జర కూసుంటం తమ్మీ," అంది.

"ఎంతసేపు?"

"సల్లారెదాకా."

"అక్కా, గిది చాయ్ కాదు."

"చాయ్ అయితే జెల్ది సల్లారు," అంది రేణుకమ్మ, సంచిలోంచి రొట్టెల డబ్బా తీస్తూ.

మూడు గంటలు కూర్చున్నారు. ఇద్దరు గిరాకులు వచ్చి పోయారు. రాజశేఖర్ మొదట నవ్వాడు, తరువాత ఫోన్లో మునిగాడు, చివరికి వాళ్ళు పెట్టిన జొన్నరొట్టె తిన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు మల్లేశయ్య మళ్ళీ చెయ్యి పెట్టి చూసి తల ఊపాడు. తాళం తిప్పితే సెల్ఫు గిరగిర తిరిగింది, ఇంజిను అందుకోలేదు. ఎనిమిదోసారికి దగ్గి, దగ్గి, లేచింది. వెనక నుంచి నీలం పొగ షెడ్డంతా కమ్మింది.

"నూనె తాగుతున్నది," అన్నాడు మల్లేశయ్య.

"కొంచెం పని ఉన్నది తాతా, లేదనను," అన్నాడు రాజశేఖర్. అతనికి సిగ్గు వేసినట్టు కనబడలేదు. పట్టుబడ్డ లెక్కను ఒప్పుకునే మనిషి ముఖం అది.

ఆ మూడు గంటలూ రేణుకమ్మ ఒకచోట కూర్చోలేదు. షెడ్డు వెనక, గడ్డిలో, వెలిసిపోయిన ఎర్ర రంగు మిషన్ ఒకటి ఆమెకు కనబడింది. ముందు దీపం ఒకటి లేదు; మూత మీద చీలిక. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అడుగున చెయ్యి పెట్టి తడిమింది. బ్లేడు అంచు సమంగా అరిగింది, ఎక్కడా గంట్లు లేవు. పెడలు మీది రబ్బరు గీతలు ఇంకా చేతికి తగులుతున్నాయి. పన్నెండేళ్ళు కొడవలి పట్టిన మనిషికి పిడి అరుగుదల చూసి అది ఎన్ని చేలు చూసిందో చెప్పడం కష్టం కాదు. ఈ యంత్రం పెద్దగా పని చేయలేదు. ముట్టుకుంటే చల్లగా ఉంది.

"దాని సంగతేంది తమ్మీ?" అని అడిగిందిప్పుడు.

"గది వద్దక్కా. గది అచ్చిరాలే. కొన్న రిసార్టు మూడు నెలలకు మూతబడ్డది. తర్వాత ఓ ఫామ్‌హౌస్‌ వాళ్ళు కొన్నరు, నెలకే వాపస్ తెచ్చిండ్రు. మూడు నెలల్నుంచి అరవై ఐదుకు ఇస్తనన్నా తీస్కపోయెటోడు లేడు."

"ఏం చేస్తది?"

"నడుస్తనే ఉంటది, ఆగిపోతది. ఎవలో గుంజి పట్టినట్టు. ఇద్దరు మెకానిక్కులు చూసిండ్రు, ఇంజినులో ఏం తప్పు లేదంటరు."

మల్లేశయ్య చేతికర్ర నేల మీద తాటించాడు. "దున్నుతుంటే చాల్లో పండుకునే ఎద్దు. అసొంటిదాన్ని ఇంటికి తోలొద్దు. రెండు ఇండ్లు తిరిగొచ్చిందంటే అసలే వద్దు. లే బిడ్డా, పోదాం."

పొద్దున అంతా ఆయన మాట నిజమైంది. ఇప్పుడు కాదనడానికి రేణుకమ్మ దగ్గర ఏమీ లేదు, ఒక ప్రశ్న తప్ప.

"ఎప్పుడు ఆగుతది?" అని అడిగింది రాజశేఖర్‌ను.

"ఎప్పుడంటే అప్పుడు."

"ఎప్పుడంటే అప్పుడు అంటే ఎప్పుడు?"

"ఏందక్కా, గట్ల అడుగుతవ్. ఆగినప్పుడు ఆగుతది."

"నువ్వు చూసినవా?"

అతను చూడలేదు. చూసినవాడు రిసార్టులో దాన్ని నడిపిన బాల్ అనే ట్రాక్టర్ డ్రైవరు. రేణుకమ్మ పట్టుబట్టి అతనికి ఫోన్ చేయించింది, స్పీకరు పెట్టించింది.

"గా దయ్యం మిషినా?" అన్నాడు బాల్. "రాయి అడ్డమొస్తె తీసేద్దామని దిగుతనా, టక్కున బంద్. వెనక ఎట్ల కోస్తున్నదో చూద్దామని లేచి నిలబడ్తనా, టక్కున బంద్. ట్రాక్టర్ మీద ఇరవై ఏండ్లు లేచి నిలబడుకుంటనే నడిపిన, ఎన్నడన్న ఆగిందా?"

"అన్నా, నువ్వు సక్కగ కూసున్నప్పుడు ఎన్నిసార్లు ఆగింది?"



"కూసున్నప్పుడా? గతుకుల్ల ఎగిరినప్పుడు ఒకసారి ఆగింది. ఉత్తగ కూసున్నప్పుడు... యాదికొస్తలేదక్కా."

రిసార్టు మూతబడిన సంగతి అందరికీ జ్ఞాపకం ఉంది. మిషన్ ఆగిన క్షణాన డ్రైవరు ఎక్కడున్నాడన్నది ఎవరికీ జ్ఞాపకం లేదు. రేణుకమ్మ చీర మీద వేసుకున్న చొక్కా చేతులు మడిచి, ఎర్ర మిషన్ ఎక్కింది. స్వప్న ఫోన్లో వెతికి ఏ మీట ఏమిటో చెప్పింది. రాజశేఖర్ జనరేటరు బ్యాటరీ తెచ్చి తగిలించాడు. మూడు నెలలుగా కదలని ఇంజిను రెండోసారికే అందుకుంది. పొగ లేదు. ఆమె బ్లేడు వేసింది. పాదాల కింద సన్నటి గర్జన మొదలైంది.

లేచి నిలబడింది. ఆగింది.

కూర్చుని మళ్ళీ నడిపింది. లేచింది. ఆగింది. ఐదుసార్లు లేస్తే ఐదుసార్లూ ఆగింది. అయిదింటి మధ్య పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒక్కసారీ ఆగలేదు.

"అమ్మా, గింతవరకు రెండూ ఒక్కసారే జరుగుతున్నయని తెలిసింది, అంతే," అంది స్వప్న. కంపెనీలో రోజూ వినే మాటే తల్లితో అన్నది. "నువ్వు లేచినందుకా, బరువు పోయినందుకా?"

షెడ్డులో ఇసుక బస్తా ఒకటుంది. రాజశేఖర్, స్వప్న కలిసి దాన్ని ఎత్తి, బ్రేకు వేసి ఉన్న మిషన్ సీటు మీదికి, రేణుకమ్మ పక్కకు చేర్చారు. ఆమె మెల్లగా దిగి నాలుగడుగులు దూరం జరిగింది. ఇంజిను నడుస్తూనే ఉంది.

మల్లేశయ్య మంచి కన్ను పెద్దది చేసి చూశాడు. "బస్తా కూసుంటే గూడ నడుస్తదా?"

"గీ దయ్యానికి, మనిషికీ ఇసుకకూ ఫరక్ తెల్వదు తాతా," అంది స్వప్న.

రేణుకమ్మ ఇంజిను ఆపి, సీటు ఎత్తి చూసింది. కింద బొటనవేలంత మీట, దాని నుంచి రెండు తీగలు. బరువు పడితే మీట అణుగుతుంది. బరువు పోతే లేస్తుంది. మనిషి దిగిన మిషన్‌లో బ్లేడు తిరగకుండా దాన్ని చేసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది.

"ఓస్, గింతేనా," అన్నాడు రాజశేఖర్. "రెండు తీగలు కలిపి మెలేస్తె అయిపాయె. ఇగ ఎన్నడు ఆగదు. అక్కా, ఏమనుకోకు, మిషిను మంచిదని తేలింది గద. లక్షా పదికి తక్కువియ్య."

మల్లేశయ్య నుదురు కొట్టుకున్నాడు. "బేరం కానిదే గుణం చెప్తరానే బిడ్డా?"

ఆ మాట నిజమే. నిజాన్ని కనుక్కోవడంలో మునిగిన రేణుకమ్మ, దాన్ని అమ్మేవాడి ముందే కనుక్కుంది. ఎనభై వేలు సంచిలో ఉన్నాయి. మిషన్ ధర వాటికన్నా ముప్పై వేలు పైకి ఎగిరి అందకుండా పోయింది. ఆమె సీటు దించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"తీగలు ఎందుకు కలుపుతవ్ తమ్మీ? మాతోని గడ్డి కోసే నాగులమ్మకు ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు, ఎర్కేనా? తోపుడు మిషిన్ల గడ్డి ఇరుక్కుంటే తీయబోయింది. మనిషి ఉన్నదో లేదో దానికి తెల్వదు. దీనికి తెలుస్తది. నువ్వు తీగలు కలిపి అమ్మితే, ఎవలి కాలన్న పోయిన్నాడు వాళ్ళు మన్నెగూడకే వస్తరు."

"సరే, కలపను. అట్లనే అమ్ముత."

"ఎవలికి?"

"గిరాకి రాడా?"

"మూడు నెలల్నుంచి వచ్చిండా? గీ సాగర్ రోడ్డంత ఎర్క దీని సంగతి. నువ్వు మీట చూపిస్తవ్. వాళ్ళు రిసార్టు చూపిస్తరు. మీటను నమ్ముతరా, రిసార్టును నమ్ముతరా? మీ గిరాకుల సంగతి నాకన్న నీకే బాగ తెలుసు."

రాజశేఖర్ ఆకుపచ్చ మిషన్ చక్రాల దగ్గర తాను పెట్టిన నిమ్మకాయల వైపు చూశాడు. తన గిరాకులు ఎవరో అతనికి తెలుసు. ఒక అబద్ధం ఎంత దూరం ప్రయాణించిందో అంత దూరం నిజాన్ని మోసుకుపోయే ఓపిక ఏ వ్యాపారికీ ఉండదు.

మల్లేశయ్య ఇంతలో భుజం మీది తువ్వాలు తీసి రాజశేఖర్ చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాడు. అంగట్లో పక్కవాడికి తెలియకుండా ధర చెప్పే పద్ధతి అది.

"ఏంది తాతా, చెయ్యి వత్తుతున్నవ్?"

"ధర చెప్తున్నరా."

"నాకు సమజ్ కాలే. నోటితోని చెప్పు."

"అయ్య నేర్పలేదా నీకు? డెబ్బై. కొత్త బ్యాటరీ, కొత్త బెల్టు నువ్వే ఎయ్యాలె."

రాజశేఖర్ చాలాసేపు గొణిగాడు. తరువాత బ్యాటరీ కోసం లోపలికి పోయాడు. ఇంటికి వచ్చేదారిలో ట్రాలీ ఆటో ముందు సీటులో మల్లేశయ్య చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. మన్నెగూడ దాటాక అన్నాడు:

"నేను వద్దన్న ఎడ్లల్ల గూడ ఇసొంటివి ఎన్ని ఉండెనో బిడ్డా."

"అవ్ బాపూ. కొననియ్యనియి ఎన్నో, కొనిపిచ్చినయి ఎన్నో." ఆయన వైపు తిరిగి, "పొద్దుగాల నువ్వు చెయ్యి పెట్టకుంటే ఆ పచ్చదాన్నే తెచ్చుకుంటుంటి," అంది.

ముసలాయన ఆ మాటను రెండు రోజులు ఇంటింటికీ చెప్పుకున్నాడు. మీట కనుక్కున్న సంగతి మాత్రం వారం పాటు చెప్పుకున్నాడు. వినేవాళ్ళు నిమ్మకాయ కట్టారా అని అడిగితే, "నా బిడ్డ బస్తా పెట్టి పరీక్ష చేసింది, ఇంకేం నిమ్మకాయ," అనేవాడు.

మిగిలిన పది రోజుల్లో రేణుకమ్మ ఒక్కతే నేర్చుకోలేదు. రోజూ పని అయ్యాక ఆరుగురూ వంతులవారీగా ఎక్కారు. అందరిలోకి బక్కపలచని సంతోషి ఎక్కితే మీట సరిగా అణగక మిషన్ గతుకులకు ఆగేది. తీగలు కలపమని ఎవరూ అనలేదు. ఆమె సీటులో కూర్చునే చోటు నాలుగు వేళ్ళు ముందుకు జరిపారు, ఆగడం పోయింది. నాగులమ్మ మొదట రానంది. మూడో రోజు, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, ఎక్కి, లేచి, ఆగుతుందో లేదో తానే నాలుగుసార్లు చూసుకుంది. ఆ తరువాత ఆమెను దించడం కష్టమైంది.

ఆగస్టు ఒకటిన తెల్లవారుజామున జల్లు పడి వెలిసింది. మహిధర్ గొడుగు పట్టుకునే వచ్చాడు. ఎర్రది, ఒంటి దీపంది, మైదానం అంచున నిలబడి ఉంది. అతను దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"పాతదే కదా."

"పాతదే సార్. గడ్డి కొత్తది."

నేల ఆరేదాకా ఆగి, పది గంటలకు రేణుకమ్మ మొదలుపెట్టింది. సరిహద్దు తాడు వెంట ఒక చుట్టు, దాని లోపల మరో చుట్టు. పోయేటప్పుడు ఒక రంగు, వచ్చేటప్పుడు ఒక రంగుగా పచ్చిక చారలు చారలుగా మారింది. రెండు తోపుడు మిషన్లకు రెండున్నర రోజులు పట్టే మైదానం మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోయింది. మహిధర్ అద్దాలు సవరించుకుని, వంగి ఒక పోచ తెంపాడు. రేణుకమ్మ దాని కొస చూపించింది: కత్తిరించినట్టు వాలుగా, పచ్చగా ఉంది. మొద్దు బ్లేడు చీల్చిన పోచ కొస రెండు రోజులకు ఎండి మైదానం మొత్తం తెల్లబారుతుందని, ఇది బారదని చెప్పింది. శుక్రవారం వచ్చి చూసుకోమంది.

"శుక్రవారం దాకా అక్కర్లేదు," అన్నాడు మహిధర్. ఫైలు తెరిచి కాగితం తీశాడు. "పని మీదే. మిషన్ ఆపరేటర్ పేరు ఒకటి రాయాలి. ఎవరైనా అబ్బాయిని పెట్టుకున్నారా?"

"ఆరుగురం సార్."

"ఆరుగురు పనివాళ్ళు, తెలుసు. ఆపరేటర్ ఎవరు?"

"ఆరుగురం. అందరికొచ్చు. ఎవలినన్న ఎక్కి నడపమనుండ్రి."

కాగితంలో పేరుకు వదిలిన గీత రెండంగుళాలు. మహిధర్ ఆ గీత వైపు, వరుసగా నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూశాడు. తరువాత చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. గీత చాలక పేర్లు పక్క ఖాళీలోకి పాకాయి.

"ఒకసారి చదువుండ్రి సార్," అంది రేణుకమ్మ. "ఎవలిదన్న తప్పిపోయిందేమో."

అతను చదివాడు.

"నాగులమ్మ."

"ఉన్న సార్."

ఆ కాలేజీలో హాజరు పిలిచినప్పుడు పిల్లలు ఎలా పలుకుతారో నాలుగేళ్ళుగా కిటికీల కింద గడ్డి కోస్తూ విన్న ఆడవాళ్ళు వాళ్ళు. నాగులమ్మ పలికిన తీరుకు ఎవరూ నవ్వలేదు.

"బాలమణి."

"ఉన్న సార్."

"యాదమ్మ. ఇంద్రమ్మ. సంతోషి."

ఒకరి వెనక ఒకరు పలికారు. మహిధర్ చివరి పేరు దగ్గర కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. అది అంచు మీద, నిలువుగా రాసి ఉంది.

"రేణుకమ్మ."

"ఉన్న," అంది ఆమె.